మినిట్స్‌లో లేని పేరు: ఒక కేస్ స్టడీ

రెఫరల్ కాగితంలో "కారణం" అనే గడిలో ఒకే ఒక్క మాట ఉంది: అసర్టివ్‌నెస్. అంటే ఈమెకు తన మాట గట్టిగా చెప్పుకోవడం రాదు, నేర్పి పంపండి అని. పంపినది ఆమె పనిచేసే ఆసుపత్రిలో ఉద్యోగుల బాగోగులు చూసే విభాగం. వచ్చిన మనిషి పదిహేనేళ్లకు పైగా ఐసీయూలో వెంటిలేటర్లు చూసుకుంటున్న రెస్పిరేటరీ థెరపిస్టు, అంటే పేషెంట్ల ఊపిరి సంగతి చూసే నిపుణురాలు. పేషెంట్ గుండో ఊపిరో ఆగిందని కోడ్ బ్లూ మోగితే పరుగెత్తుకెళ్లి, పేషెంట్ తల దగ్గర నిలబడి, సక్షన్ ఇవ్వమని, మాస్క్ పట్టమని చుట్టూ ఉన్నవాళ్లకు కేకవేసి చెప్పే ఉద్యోగం ఆమెది. అలాంటి మనిషికి గొంతు లేదంటే నాకు మొదట్లోనే అనుమానం వచ్చింది.

నేను అమెరికాలో సైకోథెరపిస్టుగా పనిచేస్తున్న తెలుగువాణ్ణి. ఈ కేసు గురించి రాయడానికి క్లయింట్ ఒప్పుకుంది, రాసింది చదివింది, రెండుచోట్ల దిద్దింది కూడా. ఊరు, వయసు, కుటుంబం, పని వివరాలు గుర్తుపట్టలేనంతగా మార్చాను. పేరు బదులు "జె." అనే అక్షరం ఆమే ఎంచుకుంది. నల్లజాతి మహిళ, నలభై దాటింది, విడాకులు తీసుకుంది, పదిహేనేళ్ల కూతురు ఉంది.

వచ్చినప్పటి పరిస్థితి

నిద్ర పట్టడం లేదు. పట్టినా తెల్లవారుజామున మూడింటికి మెలకువ. దవడ నొప్పి ఎంతగా ఉండేదంటే, పళ్లు కొరకడం వల్ల ఒక పన్ను చీలిందని డెంటిస్టు చెప్పాడు. బీపీకి మందు మొదలుపెట్టారు. పనికి వెళ్లే ముందు కారులో కూర్చుని దిగబుద్ధి కాక గడియారం చూస్తూ ఉండిపోయేది. డిప్రెషన్‌ను కొలిచే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో 14 వచ్చింది. అంటే డిప్రెషన్ ఒక మోస్తరు స్థాయిలో ఉన్నట్టు. ఆత్మహత్య ఆలోచనలు లేవు. మద్యం, మాత్రలు లేవు. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు వాళ్ల డాక్టర్ ముందే చేయించారు, అన్నీ సరిగానే ఉన్నాయి.

ఇవన్నీ చెప్పాక, బ్యాగ్ సర్దుకుంటూ అన్నట్టుగా అంది: "నేను గదిలో ఉన్నానో లేదో నాకే డౌట్ వస్తోంది."

ఉదాహరణ అడిగితే వరసగా వచ్చాయి. యూనిట్‌లో ఇద్దరే నల్లజాతి రెస్పిరేటరీ థెరపిస్టులు. రెండో ఆమె జె. కంటే అరడుగు పొడుగు, పదేళ్లు చిన్న, కళ్లజోడు పెట్టుకుంటుంది. అయినా జె.ని ఆమె పేరుతో పిలుస్తారు, ఏళ్ల తరబడి కలిసి పనిచేసినవాళ్లు కూడా. బ్యాడ్జ్, స్టెతస్కోప్ రెండూ మెడలోనే ఉన్నా పేషెంట్ బంధువులు భోజనం ట్రే తీసుకెళ్లమంటారు. ఎలివేటర్‌లో ఆమె ముందే నిలబడి ఆమె రాసిన షిఫ్ట్ రిపోర్ట్ గురించి "ఎవరో రాశారు" అని మాట్లాడుకుంటారు. ఇదే మనిషి రెండు నిమిషాలు ఆలస్యంగా వస్తే మాత్రం అందరికీ కనిపిస్తుంది. షాపుకు వెళ్తే సెక్యూరిటీవాడికి మహా బాగా కనిపిస్తుంది. ఈ రెండోది ఆమె నవ్వుతూ చెప్పింది, కానీ చేయి దవడ మీదికి పోయింది.

మొదటి సెషన్‌లో ఒక నిర్ణయం

జాతి ప్రస్తావన నేనే తెచ్చాను. క్లయింట్ ఎత్తితే మాట్లాడదాం అని ఊరుకునే థెరపిస్టులు చాలామంది ఉన్నారు. అలా ఊరుకుంటే అది ఈ గదిలో మాట్లాడకూడని విషయమని క్లయింట్‌కు అర్థమవుతుంది. 2007లో నార్మా డే-వైన్స్, ఆమె సహచరులు రాసిన వ్యాసంతో కౌన్సెలింగ్ రంగంలో ఇలా థెరపిస్టే ముందుగా ప్రస్తావన తేవడానికి బ్రోచింగ్ అనే పేరు స్థిరపడింది. నేను చెప్పింది ఇంతే: "మీరు నల్లజాతి మహిళ, నేను ఇండియా నుంచి వచ్చిన మగవాణ్ణి. మీరు చెప్పేవాటిలో కొన్ని నా అనుభవంలో లేనివి ఉంటాయి. నా మాట తప్పుగా తగిలితే చెప్పండి."

ఆమె కాసేపు చూసి, "చెబుతాను. కానీ మీకు పాఠం చెప్పడానికి నేను కోపే కట్టను" అంది. కోపే అంటే ఇన్సూరెన్స్ ఉన్నా క్లయింట్ తన జేబులోంచి కట్టే ఫీజు వాటా.

న్యాయమైన మాట. చదవాల్సింది నేను చదువుకోవాలి. తెలుగు పాఠకుల కోసం ఇక్కడ ఒక మాట పక్కకు జరిగి చెబుతాను. మనలో చాలామందికి ఈ దేశం తలుపు తెరిచింది 1965 నాటి వలస చట్టం. అంతకు ముందు ఏడాది పౌరహక్కుల చట్టం వచ్చింది, రెండింటికీ వెనక ఉన్నది నల్లజాతివాళ్లు నడిపిన ఉద్యమం. 1923లో, అమెరికా పౌరసత్వం కోరిన భగత్ సింగ్ థింద్ కేసులో మనవాళ్లు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని ఇదే దేశపు సుప్రీంకోర్టు తేల్చింది. ఇంత చరిత్ర ఉండి కూడా మన డిన్నర్ టేబుళ్ల దగ్గర నల్లజాతివాళ్ల గురించి నడిచే మాటలు నాకు తెలుసు. అవి వింటూ పెరిగినవాణ్ణే నేను. ఆ సంగతి మరిచిపోయి ఈ కుర్చీలో కూర్చోలేను.

కేసును అర్థం చేసుకున్న తీరు

అమెరికాలో మానసిక సమస్యల నిర్ధారణకు వాడే పుస్తకం డీఎస్ఎం-5లో, క్లయింట్ సంస్కృతి కోణంలోంచి సమస్యను తెలుసుకోవడానికి కల్చరల్ ఫార్ములేషన్ ఇంటర్వ్యూ అని పదహారు ప్రశ్నల భాగం ఉంది. అందులో నాకు ఎప్పుడూ పనికొచ్చే ప్రశ్న, సమస్యకు కారణం ఏమిటని మీరు అనుకుంటున్నారు అన్నది. జె. జవాబు: "నేను అతిగా ఆలోచిస్తానేమో." ఇంకెవరైనా అలా అన్నారా అని అడిగాను. అందరూ అన్నారు. మాజీ భర్త, మేనేజర్, పాత థెరపిస్ట్.

ఈ "అతిగా ఆలోచిస్తానేమో" దగ్గర కాస్త ఆగాలి. ఎవరైనా మొహం మీద తిడితే సంగతి తేటతెల్లం. కానీ పేరు మార్చి పిలవడం, మాట మధ్యలో అందుకోవడం, ట్రే తీసుకెళ్లమనడం లాంటి ప్రతిదానికీ ఏదో ఒక అమాయకమైన సంజాయిషీ ఉంటుంది. హార్వర్డ్ సైకియాట్రిస్ట్ చెస్టర్ పియర్స్ 1970లో వీటికి మైక్రోఅగ్రెషన్ అని పేరు పెట్టాడు. ఇది నా రంగు వల్ల జరిగిందా, నా పని వల్లా, వాళ్ల పరధ్యానం వల్లా అని ప్రతిసారీ తేల్చుకోవాల్సి రావడం మనిషిని ఎలా నలిపేస్తుందో జెన్నిఫర్ క్రాకర్, బ్రెండా మేజర్ 1980ల చివర్లోనే రాశారు. జరిగిన సంఘటన అరనిమిషం. దాని మీద విచారణ రాత్రి మూడింటి దాకా. ఆ విచారణలో ముద్దాయి, సాక్షి, జడ్జి అన్నీ ఆమే.

మరి ఆమె ఊహించుకుంటోందా? 2010లో అమాండా సెస్కో, మోనికా బియర్నాట్ చేసిన ప్రయోగాలు నేను ఆమెకు వివరించాను. తెల్లజాతి విద్యార్థులకు ముందు కొన్ని ముఖాలు చూపించి, తర్వాత కొత్త ముఖాలతో కలిపి ఏవి చూశారో చెప్పమన్నారు. ఇంకో ప్రయోగంలో ఒక గ్రూపు చర్చ చూపించి, ఏ మాట ఎవరన్నారో జతచేయమన్నారు. నల్లజాతి స్త్రీల ముఖాలను పోల్చుకోవడంలోనూ, వాళ్లన్న మాటలను వాళ్లకే జతచేయడంలోనూ ఎక్కువ పొరపాట్లు జరిగాయి. అంటే వాళ్లను ఎవరూ ద్వేషించనక్కర్లేదు. చూసినవాళ్ల బుర్రలో వాళ్లు నిలవకుండా జారిపోతారు.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "అయితే నా తప్పు కాదన్నమాట. కానీ నేనేం చేసినా మారదన్నమాట కూడా కదా?" ఈ ప్రశ్న మిగతా చికిత్స అంతటికీ ఇరుసు అయింది.

ఇంకో పాయ ఆమె బాల్యంలో ఉంది. తాతగారి కుటుంబం మిసిసిపీ నుంచి ఉత్తరాదికి వచ్చినవాళ్లలో ఒకటి. 1910 నుంచి 1970 దాకా దక్షిణాది వదిలి వచ్చిన దాదాపు అరవై లక్షల మందిలో వాళ్లూ ఉన్నారు. తండ్రి ఇంట్లో ఒకే సూత్రం: తెల్లవాళ్లకంటే రెండింతలు కష్టపడు, నోరు మాత్రం మూసుకో. ఆ సూత్రం ఆమెను చదివించింది, ఉద్యోగంలో నిలబెట్టింది. దానికి శరీరం కట్టే మూల్యం వేరే. ఎదురుగాలికి ఇంకా ఇంకా కష్టపడటమే జవాబుగా బతికినవాళ్లలో, ముఖ్యంగా ఆసరా తక్కువ ఉన్నవాళ్లలో, రక్తపోటు పెరగడాన్ని షెర్మన్ జేమ్స్ 1980ల నుంచి అధ్యయనం చేశాడు. రైలు సొరంగం తవ్వడంలో యంత్రంతో పోటీపడి గెలిచి అక్కడే కూలిపోయిన జానపద వీరుడి పేరు మీద దానికి జాన్ హెన్రీయిజం అని పేరు పెట్టాడు. జె.కి ఆ కథ చిన్నప్పటి నుంచి తెలుసు. "మా నాన్న ఆ పాటలో గెలుపు దాకే పాడేవాడు" అంది.

ఇన్సూరెన్స్ కోసం డిప్రెషన్ కోడ్ రాశాను, తప్పదు. పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన ఘటన తర్వాత మిగిలే మానసిక రుగ్మత కింద రాయడానికి ప్రాణాపాయం లాంటి ఘటన ఉండాలి, చిన్నచిన్నవి పోగుపడితే ఆ నిర్వచనంలోకి రావు. రాబర్ట్ కార్టర్ 2007లో జాతి వివక్ష వల్ల కలిగే ట్రామాటిక్ స్ట్రెస్‌ను మానసిక గాయంగానే చూడాలని వాదించాడు. ఈ కేసును నేను అర్థం చేసుకున్న తీరు దానికి దగ్గర. కానీ దానికి కోడ్ లేదు.

పని మొదలైన తీరు

సాధారణంగా కాగ్నిటివ్ థెరపీలో ఆలోచనను పట్టుకుని, దానికి అనుకూలంగా, వ్యతిరేకంగా సాక్ష్యాలు రాయిస్తాం. ఈ కేసులో దాన్ని మొదట పెట్టలేదు. రాత్రంతా కోర్టు నడుపుకునే మనిషి చేత పగలు ఇంకో కోర్టు పెట్టించడం నాకు ఇష్టం లేదు. బదులుగా ఒక చిన్న నోట్‌బుక్. ఏం జరిగింది, ఎవరు ఉన్నారు, శరీరంలో ఎక్కడ తగిలింది. అంతే. ఎందుకు అన్న గడి లేదు. ఉద్దేశాలు తేల్చే పని ఆమెది కాదని మొదట్లో పదేపదే చెప్పాల్సి వచ్చింది.

శ్వాస వ్యాయామం ప్రస్తావిస్తే పగలబడి నవ్వింది. "రోజుకు పన్నెండు గంటలు జనానికి ఊపిరి పెట్టేదాన్ని. నాకు ఊపిరి పాఠమా?" సరేనని దవడతో మొదలుపెట్టాం. పళ్ల మధ్య సందు, నాలుక కింద వదిలేయడం, పని మధ్యలో చేతులు కడుక్కునే ప్రతిసారీ ఒకసారి సరిచూసుకోవడం. ఐసీయూలో చేతులు కడుక్కోవడానికి లోటు లేదు కాబట్టి అలవాటు తొందరగానే పడింది.

నోట్‌బుక్ నిండుతున్న కొద్దీ ఒక సంగతి బయటపడింది. ఆమె మాట అన్నిచోట్లా పోవడం లేదు. రాత్రి షిఫ్టులో నర్సులు ఆమె చెప్పింది వింటారు. పేషెంట్లు వింటారు. చెల్లెలు వింటుంది. పోయేది ఎక్కువగా పగటి మీటింగుల్లో, అందులోనూ ఒక కమిటీలో. అసర్టివ్‌నెస్ లేదన్న రెఫరల్ అక్కడికక్కడే వీగిపోయింది.

ఆక్సీమీటర్ విషయం

కేసుకు గుండెకాయ ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ చర్మం గుండా వెలుతురు పంపి రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని లెక్కగడుతుంది. ముదురు రంగు చర్మంపై అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉంది. 1990లోనే జుబ్రాన్, టోబిన్ అనే డాక్టర్లు నల్లజాతి పేషెంట్లలో తేడా గమనించి ప్రచురించారు. ముప్పై ఏళ్లు ఎవరికీ పెద్దగా పట్టలేదు. 2020 డిసెంబరులో మిషిగన్ యూనివర్సిటీ డాక్టర్లు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో లెక్కలు పెట్టారు: మీటర్ 92 నుంచి 96 శాతం చూపిస్తున్న నల్లజాతి పేషెంట్లలో 11.7 శాతం మందికి, ధమని రక్తం తీసి చూస్తే అసలు స్థాయి 88 కంటే తక్కువ ఉంది. తెల్లజాతి పేషెంట్లలో అది 3.6 శాతం. 2021 ఫిబ్రవరిలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది.

జె.కి ఇది పేపర్లో చదవక ముందే తెలుసు. మీటర్ 94 అంటోంది, మనిషి మాత్రం బాగోలేడు. ఇలాంటి పేషెంట్లను ఆమె చేతులతో చూసింది. కమిటీ మీటింగ్‌లో చెప్పింది: ముదురు చర్మం ఉన్న పేషెంట్ లక్షణాలకూ మీటర్‌కూ పొంతన లేకపోతే మీటర్‌ను నమ్మకుండా ధమని రక్తం తీసి చేసే బ్లడ్ గ్యాస్ పరీక్షకు పంపాలి, దీన్ని రాతపూర్వకమైన ప్రోటోకాల్ చేయాలి. ఎవరూ ఏమీ అనలేదు. ఛైర్మన్ తర్వాతి అంశానికి వెళ్లాడు. రెండు నెలల తర్వాత ఒక తెల్లజాతి డాక్టర్ అదే విషయం ఎత్తాడు. బాగుంది బాగుంది అన్నారు. మీటింగులో జరిగింది రాసిపెట్టే మినిట్స్‌లో ఆయన పేరుతో ఎక్కింది.

ఆ మినిట్స్ ప్రింట్ తీసి నా ముందు పెట్టింది. పసుపు హైలైటర్‌తో ఆ వాక్యం గీసి ఉంది. "నా రంగు పేషెంట్లను మెషిన్ సరిగ్గా చదవడం లేదని చెప్పాను. చెప్పిన నన్ను మీటింగ్ చదవలేదు."

కోపం వచ్చిందా అని అడిగితే, "కోపం తెచ్చుకునే స్తోమత నాకు లేదు" అంది. నల్లజాతి స్త్రీకి కోపం వస్తే అది ఆ విషయం మీద వచ్చిన కోపంగా ఎవరూ చూడరు, ఆమె స్వభావం కింద రాసేస్తారు. ఈ మూసకు అమెరికాలో పాత చరిత్ర ఉంది. కాబట్టి మీటింగులో ఏమనాలో నా గదిలో నటించి సాధన చేసే రోల్ ప్లేలో నేను రాసిన వాక్యాలన్నీ ఆమె కొట్టేసింది. "ఇది మీరంటే నడుస్తుంది, నేనంటే హెచ్ఆర్ పిలుస్తుంది." థెరపిస్ట్ ఇంట్లో కూర్చుని తయారుచేసిన ధైర్యపు డైలాగులు క్లయింట్ ఉద్యోగానికి ఎసరు తేగలవు. మాట ఖరీదు ఎంతో ఆమెకు తెలిసినంత నాకు తెలియదు.

కోపాన్ని మాత్రం గదిలోంచి బయటకు పంపలేదు. కొన్ని సెషన్లు దానికే పోయాయి. ఎవరికీ చూపించనక్కర్లేని ఉత్తరం రాసింది. అందులో ఛైర్మన్ గురించి కన్నా తండ్రి గురించి ఎక్కువ ఉంది.

మాట నిలబడే ఏర్పాటు

అదే సమయంలో ఆమెను ఒక గ్రూపులో చేరమన్నాను. వైద్యరంగంలో పనిచేసే నల్లజాతి స్త్రీలు కలుసుకునే గ్రూపు అది. ఆండర్సన్ ఫ్రాంక్లిన్ నల్లజాతి మగవాళ్లలో ఈ కనపడకపోవడాన్ని ఇన్విజిబిలిటీ సిండ్రోమ్ అని వర్ణించినప్పుడు, వాళ్లు ఒకరినొకరు గుర్తించుకునే గ్రూపులకు పెద్దపీట వేశాడు. నా గదిలో నేనొక్కణ్ణే వినగలను. అక్కడ ఆమె సగం వాక్యం చెబితే మిగతా సగం ఇంకొకరు పూర్తిచేసేవాళ్లు. మొదటిసారి వెళ్లొచ్చిన రాత్రి ఆరు గంటలు నిద్రపోయింది. నా పద్ధతులన్నీ కలిపినా అప్పటిదాకా అంత చేయలేదని ఒప్పుకోవాలి.

కమిటీ సంగతి ఏం చేయాలో ఆ గ్రూపులోనే తేలింది. ఒబామా హయాంలో వైట్‌హౌస్‌లో పనిచేసిన స్త్రీలు మీటింగుల్లో ఒక ఏర్పాటు చేసుకున్నారని 2016లో వాషింగ్టన్ పోస్ట్ రాసింది. ఒకరు మంచి మాట చెబితే రెండోవారు ఆ మాటనే, చెప్పినవారి పేరుతో సహా, మళ్లీ చెప్పడం. జె. ఇద్దరిని మాట్లాడుకుంది. ఒకరు సీనియర్ నర్సు, ఇంకొకరు కొత్తగా చేరిన తెల్లజాతి ఫార్మసిస్ట్. ఆ అబ్బాయిని అడగడానికి రెండు వారాలు తటపటాయించింది. అతను వెంటనే ఒప్పుకున్నాడు.

తర్వాత ప్రోటోకాల్‌ను ఒకే పేజీలో తానే రాసి, తేదీతో సహా, మీటింగుకు ముందే అందరికీ మెయిల్ చేసింది. మీటింగులో ఛైర్మన్ అలవాటుగా "డాక్టర్ గారి సూచన" అన్నాడు. ఫార్మసిస్ట్ చేయెత్తి, ఇది మొదట జె. తెచ్చింది, మెయిల్‌లో ఉన్నది కూడా ఆమె డ్రాఫ్టే, మినిట్స్‌లో సరిచేద్దామా అన్నాడు. ఆ డాక్టర్ కూడా, అవును, నిజమే అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగి ప్రశ్నలు మొదలుపెట్టారు. అదనపు బ్లడ్ గ్యాస్‌లకు ల్యాబ్ తట్టుకుంటుందా? రాత్రిపూట ఎవరు తీస్తారు? ఇరవై నిమిషాలు జవాబులు చెప్పింది. మధ్యలో ఒకరు ఆమెను రెండో థెరపిస్ట్ పేరుతో పిలిచారు. "నేను జె.ని" అని చెప్పి వాక్యం కొనసాగించింది. ఈ రెండు ముక్కలే మేం రోల్ ప్లేలో అన్నిటికన్నా ఎక్కువ సాధన చేసినవి. నవ్వు లేకుండా, సారీ లేకుండా, ఆగకుండా.

ప్రోటోకాల్ ఒక యూనిట్‌లో ట్రయల్‌గా మొదలైంది.

ఏమి మారింది, ఏమి మారలేదు

పీహెచ్‌క్యూ-9 ఏడుకు తగ్గింది. దవడ నొప్పి రోజూ కాకుండా అప్పుడప్పుడు. బీపీ మందు అలాగే ఉంది, డోసు మారలేదు. పేరు మార్చి పిలవడం ఇంకా జరుగుతోంది. మేనేజర్ వార్షిక సమీక్షలో "టోన్" గురించి ఒక వాక్యం చేర్చాడు, ఇంతకు ముందు ఏ ఏడాదీ లేనిది. కనపడటం మొదలైతే బిల్లు కూడా వస్తుందని ఇద్దరం ముందే మాట్లాడుకున్నాం కాబట్టి కుదేలు కాలేదు, లిఖితపూర్వకంగా జవాబిచ్చింది.

ఫిర్యాదు చేయాలా అన్నది వేరే చర్చ. 1964 పౌరహక్కుల చట్టంలో ఉద్యోగ వివక్షను నిషేధించే టైటిల్ సెవెన్ కింద, ఆ ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ ఈఈఓసీకి వెళ్లాలంటే ఘటన జరిగిన 180 రోజుల్లోపు వెళ్లాలి, రాష్ట్రానికో ఊరికో సొంతంగా వివక్ష నిరోధక సంస్థ ఉన్న చోట అది 300 రోజులు. ఈ గడువులు తెలియక హక్కు పోగొట్టుకున్నవాళ్లను చూశాను కనుక క్లయింట్‌కు ముందుగానే చెబుతాను, మిగతాది లాయరు పని. ఆమె లాయర్‌ను కలిసింది. ప్రస్తుతానికి వద్దనుకుంది, నోట్‌బుక్ మాత్రం జాగ్రత్తగా దాచింది.

కమిటీలో ఇంకో టర్మ్ ఉండమంటే ఒప్పుకోలేదు. పాత జె. అయితే మొహమాటానికి తలూపేది. ఆ గంటలు ఇప్పుడు రాత్రి షిఫ్టులో కొత్త థెరపిస్టులకు ట్రైనింగ్ ఇవ్వడానికి వాడుతోంది.

సెషన్లు నెలకొకటిగా తగ్గించాం. ఇప్పుడు పనంతా కూతురి చుట్టూ తిరుగుతోంది. ఆ పిల్ల స్కూల్ డిబేట్ టీమ్‌లో ఉంది. తన పాయింట్‌ను టీచర్ వేరే పిల్లాడి ఖాతాలో వేసిందని ఇంటికొచ్చి చెప్పింది. జె. నోటికి తండ్రి సూత్రం వచ్చింది, సగంలో ఆపుకుంది. రెండింతలు కష్టపడమని చెప్పకపోతే ఈ దేశంలో పిల్లను నిరాయుధంగా వదిలినట్టా, చెబితే తన దవడ నొప్పిని వారసత్వంగా ఇచ్చినట్టా అని అడుగుతోంది. నా దగ్గర రెడీమేడ్ జవాబు లేదు. వచ్చే సెషన్‌కు కూతుర్ని కూడా తీసుకొస్తానంది, సరేనన్నాను.